తెల్ల నాలిక

“ఆ... అనవే,” అంది సూరమ్మ.

వసంత నోరు తెరిచింది. టార్చి వెలుగు పళ్ళ మీదుగా నాలిక మీదికి జరిగి అక్కడే ఆగిపోయింది.

కాశీబుగ్గలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో సాయంత్రం పని దిగేటప్పుడు పప్పు పొట్టు తీసే పొట్టు గది ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గర వరస కట్టాలి. కొంగు దులిపి చూపించాలి. కుచ్చెళ్ళు విదిలించాలి. ఆఖరున నోరు. పప్పు నమిలిన మనిషి నాలిక మీద తెల్లటి పిండి అంటుకుని ఉంటుందని షావుకారు మల్లేశ్వరరావు పెట్టిన పద్ధతి అది. ఆ పిండి ఎవరూ కడిగేసుకోకుండా మంచినీళ్ళ కుండని గుమ్మానికి అవతల పెట్టించాడు. నోరు చూపించాకే నీళ్ళు. టార్చి పట్టేది సూరమ్మ. పొట్టు గదికి ఆవిడే పెద్ద. షావుకారు తండ్రి నాటి నుంచీ ఉన్న మనిషి.

“ఇంకా పెద్దగా.”

వసంత దవడలు నొప్పెట్టేదాకా తెరిచింది. గొంతులో మంట లేచింది. కొన్నాళ్ళుగా అక్కడ మంట ఉంటూనే ఉంది. ఈమధ్య పెదవుల మూలలు కూడా చిట్లుతున్నాయి.

“ఇదేటే?” సూరమ్మ గొంతు తగ్గింది. “నాలికంతా పెరుగు తోడెట్టినట్టున్నాది?”

“ఏటీ నేదు సిన్నమ్మా.”

“నా కళ్ళు పోయాయనుకున్నావేటి?”

“నీళ్ళియ్యి. పుక్కిలించి సూపిత్తాను. ఇది పోదు.”

“కడిగీసుకుని సూపిత్తావా? ఆ తెలివే వొద్దంతన్నాను.”

వెనక నుంచి ఎవరో అరిచారు. “బేగి కానియ్యి సిన్నమ్మా! పాసింజరు నీ కోసం ఆగుతాదేటి?”

సూరమ్మ టార్చి ఆర్పింది. వసంత మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, చెవి దగ్గర చెప్పింది. “షావుకారు విశాపట్నం ఎల్లాడు. సోమారానికి వొత్తాడు. అప్పటికి నీ నాలిక తేటగా ఉండాల. నేకపోతే నాను సెప్పక తప్పదు. సెప్తే బట్టీకి పంపీమంతాడు. తెలుసు కదా.”

తెలుసు. పప్పు తింటూ దొరికిన వాళ్ళని పనిలోంచి తీసెయ్యరు. జీడిపిక్కలు కాల్చే బట్టీ పక్క రేకుల షెడ్డులో, పిక్కలు కొట్టే వాళ్ళ దగ్గర కూర్చోబెడతారు. అక్కడ పొగ సాయంత్రం దాకా బయటికి పోదు. మంచి ఊపిరితిత్తులున్న వాళ్ళే కొంగు ముక్కుకి కట్టుకుని కూర్చుంటారు.

వసంతవి మంచివి కావు. ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. దగ్గే మనిషిని పప్పు ముట్టుకోనివ్వకూడదని షావుకారు నియమం. అందుకే వాన పట్టినప్పుడల్లా ఆయాసం కమ్మే వసంత, నిరుడు టెక్కలి డాక్టరు దగ్గరికి ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళింది. ఆయన రెండు పీల్చే మందులు రాశాడు. ఆయాసం వచ్చినప్పుడు నీలంది. రాకుండా పొద్దునా సాయంత్రం వక్కరంగుది. వక్కరంగుది మొదలుపెట్టాక వసంత పొట్టు గదిలో ఒక్కసారి కూడా దగ్గలేదు. నాలిక మాత్రం ఇలా అయింది.

*

పాసింజరు కదిలాక దేవి వచ్చి పక్కన ఇరుక్కుంది. ఇద్దరిదీ సుమ్మాదేవి ఊరే. పొట్టు గదిలో కూడా పక్కపక్క పీటలే.

“నిజంగా తిన్నావేటే?”

“నువ్వు కూడా అడుగుతావా?”

“తింటే తిన్నావు గాని, నాకో బద్దైనా పెట్టక పోయావా అని అడుగుతన్నాను.” దేవి నవ్వింది. వసంత నవ్వకపోయేసరికి తగ్గింది. “ఊరికే అన్నాను. మద్దేనం నీ క్యారేజీలో బారువ ఎండుచేపలు నాను తినీసినాను కదా. కూడే మింగనేని దానివి, పప్పేటి తింటావు. మరి ఆ తెలుపేటి?”

“తెలవదు.”

“అమ్మోరేమో?”

“అమ్మోరు నాలికకి వొత్తాదేటి?”

ఎదురు బల్ల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు మాట ఆపి వసంత నోటి వైపు చూశారు. వసంత కిటికీ వైపు తిరిగి పెదవులు బిగించింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్త రత్నాలమ్మ పొయ్యి ముందుంది. వసంత కాళ్ళు కడుక్కుని, గూట్లోంచి వక్కరంగు మందు తీసి ఊపింది. ఊపిరంతా వదిలి, గొట్టం పళ్ళ మధ్య పెట్టుకుని నొక్కి పీల్చింది. పది అంకెలు లెక్కపెట్టినంతసేపు బిగబట్టింది. ఇంకోసారి. ఆ రెండూ అయ్యాక చెంబులో తరవాణి తీసుకుని గటగటా తాగేసింది. మందు వేసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మమని టెక్కలి డాక్టరు దగ్గర చీటీలు రాసే అబ్బాయి చెప్పాడు. ఇంటికొచ్చి మొదటి రోజు పెరట్లో ఉమ్మబోతే రత్నాలమ్మ చేత్తో నోరు మూసినంత పని చేసింది. “మందు ఎవులైనా ఉమ్ముతారేటే? అంత డబ్బు పోసి కొన్నది, మట్టిలో పోత్తావా? మింగు!” వసంతకి కూడా అది సబబుగానే తోచింది. గోలీ మింగుతారు, పొడి మింగుతారు, కషాయం మింగుతారు. ఇది మాత్రం ఎందుకు ఉమ్మాలి. అప్పటి నుంచీ నోట్లో మిగిలింది మిగిలినట్టు తరవాణితో లోపలికి పంపిస్తోంది.

తరవాణి దిగిన దారంతా మండింది. కాసేపటికి కడుపులో తిప్పింది. పెరట్లోకి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడింది కానీ వాంతి కాలేదు.

కొబ్బరి తోట నుంచి వచ్చిన గున్నయ్య, భార్య కంచంలో గంజి మాత్రమే ఉండడం చూశాడు.

“ఆ డాక్టరు ఊపిరికి మందిచ్చి పొట్ట ఎండగడతన్నాడు. రోజూ అదే తంతు. కడుపులో తిప్పడం, తిండి సయించకపోడం. ఆపీ ఓసారి. సూద్దాం.”

“ఆపితే ఆయాసం రాదేటి?”

“నీలంది ఉన్నాది కదా. వొచ్చినప్పుడు అది పీల్చు.”

 వసంత ఫ్యాక్టరీలో జరిగింది చెప్పింది. గున్నయ్య కంచంలో చెయ్యి ఆపాడు.

“మనం దొంగలమంతారేటి?” అని, కాస్త ఆగి, “నానొచ్చి అడుగుతానుండు,” అన్నాడు.

“అడిగితే ఏటి సెప్తావు? దగ్గు మందేసుకుంతందని సెప్తావా? అదీ బయటికి పంపడానికే పనికొత్తాది.”

పొద్దున్నే వెలుగులో వసంత అద్దం పట్టుకుని నాలిక చాపింది. సూరమ్మ తప్పు చెప్పలేదు. పాలమీగడ విరిగినట్టు తెల్లటి మచ్చలు. వేలితో రుద్దితే పోలేదు. కొబ్బరి ఈనె ఒకటి చీల్చి, వంచి, నాలిక వెనక నుంచి ముందుకి గీకింది. కొంచెం వచ్చింది. ఇంకా గట్టిగా గీకింది. తెలుపు లేచిన చోట ఎర్రగా బయటపడింది. నాలుగోసారికి ఈనె మీద నెత్తురు కనిపించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా పక్క వైపు కూడా గీకింది.

గూట్లో ఉన్న వక్కరంగు మందుని కాసేపు చూసింది. దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక, చెయ్యి అందని చోట పెట్టింది.

శుక్రవారం, శనివారం పొద్దునా సాయంత్రం గీకుతూనే ఉంది. ఆదివారం గొంతు కొంచెం తెరిపిచ్చింది, కడుపులో తిప్పడం తగ్గింది. గున్నయ్య, “సూశావా, నా మాట నిజం కాదేటి?” అన్నాడు. ఆ రాత్రి వసంత గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. పడుకుంటే రొమ్ములో పిల్లి కూసినట్టుంది.

*

సోమవారం సాయంత్రం షావుకారు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా, చేతిలో కారు తాళాలు. విశాఖపట్నంలో సరుకు కొనే పార్టీ ధర తగ్గించి అడిగాడని పొద్దుటి నుంచీ అందరి మీదా విసుక్కుంటున్నాడు.

వసంత వంతు వచ్చింది. కొంగు దులిపింది. కుచ్చెళ్ళు విదిలించింది. నోరు తెరిచింది. సూరమ్మ టార్చి వేసి చూసి, గుండె బరువు దిగినట్టు ఊపిరి వదిలింది.

“బాగున్నాది. ఎల్లు.”

“ఆగు,” అన్నాడు మల్లేశ్వరరావు. “ఈవిడేనా వసంతంటే?”

“అవును బాబూ.”

“గురువారం నాడు నాలిక మీద ఇంత మందాన తెల్లగా ఉందట కదా. ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంటున్నారు. నాకు నువ్వు తప్ప అందరూ చెప్పారు సూరమ్మా.”

సూరమ్మ టార్చిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. “ఇప్పుడు నేదు బాబూ. సూడండి కావాలంటే. ఎర్రగా ఉన్నాది.”

“అదే చెప్తున్నాను నేను కూడా. నాలుగు రోజులు భయం పెడితే ఎలా తేటపడిందో చూశావా? తినని మనిషికైతే అప్పుడూ ఎర్రగానే ఉండాలి, ఇప్పుడూ ఎర్రగానే ఉండాలి. అప్పుడు తెలుపు, ఇప్పుడు ఎరుపు అంటే ఏంటి అర్థం?”

 వసంత నోరు ఇంకా తెరిచే ఉంది. మూసింది.

వెనక నుంచి దేవి అంది. “బాబూ, అది అన్నమే తిన్నేదు. దాని ఎండుచేపలు రోజూ నానే తింతన్నాను.”

“ఎండుచేప వదిలేసి జీడిపప్పు తింటోందంటావు. తెలివైనదే అయితే.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వకూడదని తెలిసీ నవ్వినట్టు, చప్పున ఆపారు. షావుకారు కుర్చీలోంచి లేచాడు.

“రేపటి నుంచి షెడ్డులో కూర్చోబెట్టు. అక్కడ కొట్టేవాళ్ళు చాలడం లేదు. పెంకుతో ఉన్న పిక్కని ఎవరూ తినలేరు కదా.”

వసంత చెప్పులేసుకుంది. కుండ దగ్గర నీళ్ళు తాగడం మర్చిపోయింది. నాలిక మీద ఈనె గీతలు చుర్రుమంటున్నాయి. గీకకుండా తెల్లగా చూపించి ఉన్నా ఇదే మాట అనేవాడు. గీకి ఎర్రగా చూపించినా ఇదే అన్నాడు. ఆ లెక్క స్టేషనుకి నడిచేంతసేపూ ఆమెకి అందలేదు. రైలెక్కాక అందింది. అప్పుడు దేవితో, “నాను నోరు తెరవకుండా ఉండాల్సింది,” అంది. చక్రాల చప్పుడులో దేవికి వినపడలేదు.

మంగళవారం షెడ్డులో ఆమెకో పీట, ఒక రాయి, ఒక చెక్క సుత్తి ఇచ్చారు. చేతులకి బూడిద రాసుకోమని పక్కామె చెప్పింది. పిక్కని రాయి మీద నిలబెట్టి, అంచు మీద ఒక్క దెబ్బ వెయ్యాలి. గట్టిగా వేస్తే లోపల పప్పు ముక్కలవుతుంది. మెల్లగా వేస్తే పెంకు పగలదు. పగిలిన పెంకులోంచి నల్లటి జీడి సొన కారి వేళ్ళని పట్టుకుంటుంది. గోడ అవతల బట్టీలోకి కొత్త పిక్కలు వేసినప్పుడల్లా పసుపుపచ్చని పొగ రేకుల కింద నుంచి వచ్చి షెడ్డంతా పరుచుకుంటోంది.

మొదటి పొగకి వసంత కొంగు కట్టుకుంది. రెండోదానికి దగ్గింది. గడ్డం రొమ్ముకి ఆనించి, చిన్న చిన్న ఊపిర్లు తీస్తూ కొట్టింది. సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది.

“ఏటే అమ్మీ, పొగ పడదా?” అంది పక్కామె. “అలవాటైపోద్దిలే.”

మూడోసారి పొగ వచ్చినప్పుడు వసంత సుత్తి కింద పెట్టింది. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగింది. గాలి లోపలికి వెళ్ళడం లేదు. వెళ్ళింది బయటికి రావడం లేదు. పక్కామె వీపు మీద రాస్తూ కేక వేసింది. ఎవరో పరిగెత్తారు. నీలం మందు సంచీలో ఉంది. సంచీ పొట్టు గది గుమ్మం దగ్గర మేకుకి ఉంది. వసంత ఆ వైపు చెయ్యి చూపించింది. మాట రాలేదు.

సంచీ పట్టుకుని సూరమ్మే వచ్చింది. క్యారేజీ, దువ్వెన, పాసు అన్నీ నేల మీద కుమ్మరించింది. నీలం గొట్టం కనబడగానే, “ఇదేనా?” అంది. వసంత లాక్కుని ఊపకుండానే నోట్లో పెట్టుకుంది. వేళ్ళకి బూడిదా సొనా అంటుకుని జారిపోతోంది. సూరమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి నొక్కింది.

“ఇంకోపాలి. నొక్కుతన్నాను, పీల్చు. పీల్చే!”

*

కాశీబుగ్గ బజారు వెనక చిన్న ఆస్పత్రి. లేడీ డాక్టరు భార్గవి కొత్తగా వచ్చింది. వసంత ముఖానికి మిషను గొట్టం పెట్టి చాలాసేపు ఉంచింది, ఇంజెక్షన్ చేసింది. ఊపిరి కుదుటపడ్డాక ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టింది. సూరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది.

“ఆయాసం ఎప్పటి నుంచి? మందులేం వాడుతున్నావు?”

వసంత సూరమ్మ వైపు చూసి తల దించుకుంది. ఇక దాచడానికి ఏమీ లేదు. రెండు మందుల సంగతీ, వక్కరంగుది ఆపేసిన సంగతీ చెప్పింది.

“ఎందుకు ఆపావు?”

“నోరు పాడయిపోయిందమ్మా. గొంతు మంట. కడుపులో తిప్పుతాది. అన్నం సయించదు.”

“నోరు తెరువు.”

అప్పుడే కరెంటు పోయింది. డాక్టరమ్మ సొరుగులు లాగి వెతికింది. “టార్చి ఇక్కడే ఉండాలే...”

సూరమ్మ బొడ్లోంచి టార్చి తీసింది. డాక్టరమ్మ అందుకోబోతే ఇవ్వకుండా తనే దగ్గరికి వచ్చి, అలవాటైన చేత్తో, సరిగ్గా ఎక్కడ వెలుగు పడాలో అక్కడ వేసింది.

“నాలిక పైన కాదు. బుగ్గల లోపల వేయండి. ఆ... ఇటు. ఇప్పుడు పైన, అంగిట్లో.”

ఈనె అందని చోట్లన్నీ తెల్లగానే ఉన్నాయి. డాక్టరమ్మ పుల్లకి దూది చుట్టి బుగ్గ లోపల రుద్దింది. తెలుపు కొంచెం లేచి, కింద నెత్తురు చెమర్చింది.

“చూశారా? ఇది పూత. ఆ మందు నోట్లో మిగిలిపోతే ఇలా పూస్తుంది. పీల్చాక పుక్కిలించి ఉమ్ముతున్నావా?”

“మింగేత్తాను.”

“మందు ఉమ్ముతారేటని ఇంట్లో పెద్దోలు సెప్పుంతారు,” అంది సూరమ్మ. “మేవైనా అదే సెప్తాం.”

డాక్టరమ్మ నవ్వలేదు. “ఇది ఊపిరితిత్తులకి మందు. అక్కడికి వెళ్ళాల్సింది పీల్చినప్పుడే వెళ్ళిపోతుంది. నోట్లో మిగిలింది నీకు అక్కర్లేనిది. అక్కడుంటే పూత, గొంతు మంట. మింగితే కొందరికి కడుపులో తిప్పుతుంది. నీలాగే చాలామంది వచ్చి చెప్తారు, అన్నం సయించట్లేదని, మందు ఆపేశామని. ఆపకూడదు. ఉమ్మాలి. అంతే. పూతకి రంగు మందు ఇస్తాను, దూదితో రాసుకో. నోరంతా ఊదా రంగు అవుతుంది, భయపడకు. పొగ దగ్గర మాత్రం పని చెయ్యకూడదు.”

“ఇది అంటుజబ్బా అమ్మా?” సూరమ్మ అడిగింది. “పక్కన కూకున్నోలకి?”

“ఆయాసం అంటుకోదు. మందు సరిగ్గా వాడితే దగ్గు కూడా రాదు.”

సూరమ్మ టార్చి ఆర్పింది. కరెంటు ఇంకా రాలేదు. 

ఆటోలో స్టేషనుకి వెళ్తుంటే సూరమ్మ అంది. “గురువారం నాడే సెప్పొచ్చు కదే నాకు.”

“సెప్తే దగ్గు మనిషని బయటికి పంపీసుందువు కావా సిన్నమ్మా?”

 రైల్వే గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు సూరమ్మ, “పంపీసుందును,” అంది.

*

రెండు రోజులు వసంత ఇంట్లోనే ఉంది. వక్కరంగు మందు మళ్ళీ గూట్లోకి వచ్చింది. పీల్చి, పెరట్లోకి వెళ్ళి, చెంబెడు నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. రత్నాలమ్మ వాకిట్లో చాట పట్టుకుని, ముఖం చిట్లించి చూసింది కానీ అడ్డు చెప్పలేదు. ఊదా రంగు మందు రాసుకున్నాక గున్నయ్య భార్య ముఖం చూసి, “నేరేడు పళ్ళు తిన్న గుంటలా ఉన్నావు,” అన్నాడు. గురువారం మధ్యాహ్నం ఆమె పప్పు వేసుకుని ఒక ముద్ద అన్నం తింది. ఆగి చూసుకుంది. ఇంకో ముద్ద తింది.

“ఎల్తావా రేపు?” అన్నాడు గున్నయ్య.

“ఎల్తాను.”

“షెడ్డుకా?”

“నా పీట కాడికి.”

శుక్రవారం పొద్దున్న ఆమె ఎవరినీ అడగలేదు. సంచీ మేకుకి తగిలించి, పొట్టు గదిలో దేవి పక్కన తన పీట వాల్చుకుని కూర్చుంది.  పళ్ళేలు పంచుతూ వస్తున్న సూరమ్మ ఆమె ముందు ఒక్క క్షణం నిలబడింది. ఓవెన్ లోంచి తీసిన గోరువెచ్చని పప్పు ఒక పళ్ళెం నిండా పోసి ఆమె ముందు పెట్టి, అవతలకి వెళ్ళిపోయింది.

వసంత చాకు తీసుకుంది. బొటనవేలితో ఒత్తితే ఎర్రటి పొట్టు పొరలుగా లేచిపోతుంది. లేవని చోట చాకు మొనతో గీకాలి, పప్పుకి గాటు పడకుండా. విరగని గుండు ఒక వైపు, రెండుగా చీలిన బద్ద ఒక వైపు, ముక్క ఒక వైపు. వేళ్ళు వాటంతటవే పని చేసుకుపోయాయి. సాయంత్రం దాకా దగ్గు రాలేదు. మధ్యమధ్యలో దేవి వంగి, “ఏదీ, ఓపాలి సూపించు,” అంటూ ఆ ఊదా నోరు చూసి కొంగులో నవ్వుకుంటోంది.

పని దిగే వేళకి మల్లేశ్వరరావు కుర్చీలో ఉన్నాడు. వరసలో వసంతని చూసి కనుబొమలు ముడిచాడు. ఆమె వంతు వచ్చేదాకా ఆగాడు.

వసంత కొంగు దులిపింది. కుచ్చెళ్ళు విదిలించింది. సూరమ్మ చెప్పకముందే నోరు తెరిచింది. టార్చి పడింది. నాలిక, బుగ్గలు, అంగిలి, పళ్ళు, అన్నీ ముదురు ఊదా రంగు.

“ఏంటిది?” షావుకారు కుర్చీలో ముందుకి వచ్చాడు.

“మందు బాబూ. నోటి పూతకి డాక్టరమ్మ ఇచ్చింది. ఆయేల తెల్లగా కనబడింది ఈ పూతే. పప్పు కాదు. నా కళ్ళతో సూసినాను. నాను తప్పు సూసినాను.”

“పూత సంగతి నాకెందుకు? షెడ్డులో కూర్చోబెట్టమన్నాను కదా.”

“కూకోబెట్టినాను. ఊపిరాగిపోయింది. ఆయాసం మనిషి బాబూ. అంటు కాదంట, మందేసుకుంటే దగ్గు రాదంట. పొగ కాడ మాత్రం ఉండకూడదంట. పొద్దుటి నుంచీ లోపలే కూకుంది, ఒక్క దగ్గు నేదు.”

“డాక్టరు చెప్పింది, నువ్వు నమ్మావు. సరే. ఇప్పుడీ రంగులో ఆవిడ పప్పు తిందో లేదో ఎలా తెలుస్తుంది?”

సూరమ్మ మళ్ళీ ఒకసారి వసంత నోట్లోకి చూసింది. నిజంగానే వెతికి చూసింది.

“తెలవదు బాబూ.”

“తెలవదా? మరి నీకు టార్చి ఎందుకిచ్చాను?”

“అదే నాకూ తెలవడం నేదు. తెల్లగా ఉంటే తిన్నాదన్నారు. ఎర్రగా ఉంటే అంతకుముందు తిన్నాదన్నారు. ఇప్పుడు ఇలగున్నాది. నాకేటీ తెలవడం నేదు.”

 దూరంగా స్టేషను వైపు నుంచి కూత వినిపించింది.

“నీకు తెలియకపోతే తెలిసిన వాళ్ళకి ఇస్తాను,” అన్నాడు షావుకారు.

“ఇయ్యండి బాబూ.”

సూరమ్మ టార్చిని ఆర్పకుండానే ఆయన ముందుకి చాపింది. ఆయన అందుకున్నాడు. అందుకున్నాక వరస వైపు చూశాడు. “దేవీ, నువ్వు రా. పట్టుకో.”

“నాకు సత్వారం బాబూ,” అంది దేవి. “సరిగ్గా ఆనదు.”

వెనక నిలబడ్డామెకి కూడా ఆనదట. దాని వెనకామె నేల చూసింది.

ఇంతలో సూరమ్మ వరస చివరికి నడిచింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం దగ్గర ఆవిడ నోరు ఎవరూ చూడలేదు. ఆఖరామె వెనక నిలబడి, కొంగు విప్పి, అందరిలాగే ఒకసారి దులిపింది.

“నువ్వెందుకక్కడ?” అన్నాడు మల్లేశ్వరరావు.

“సేతిలో టార్చి నేనోలంతా లైన్లోనే కదా బాబూ నిలబడాల.”

ఆయన ముందు వసంత నోరు తెరిచే ఉంది. ఎవరూ మూసుకోమనలేదు. ఆయన టార్చి ఎత్తాడు. మొదటిసారిగా ఒక ఆడమనిషి నోట్లోకి అంత దగ్గర నుంచి చూడాల్సి వచ్చింది. రంగు మందు వాసన, చిట్లిన పెదవుల మూలలు, ఈనె గీతలు ఇంకా మానని నాలిక. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు.

“పో,” అన్నాడు.

వసంత నోరు మూసుకుంది కానీ వెంటనే కదలలేదు.

“ఎక్కడికి బాబూ? రేపు ఏ గదికి రమ్మంతారు?”

 వరస చివర నుంచి సూరమ్మ గొంతు వినిపించింది. “రేపు గుండు ఎక్కువొత్తాది, బేగి రావే. పళ్ళెం తీసి ఉంచుతాను.”

షావుకారు టార్చి వరస వైపు తిప్పాడు. తర్వాతి మనిషి దేవి. దేవి ఆయన ముందుకొచ్చి, కొంగు దులిపి, కళ్ళు మూసుకుని, “ఆ...” అంటూ కొండనాలిక కనిపించేలా నోరు తెరిచింది.